పడుగు మైదానంలో రాతి గడియారం

ఆ ఫిబ్రవరి ఉదయం మైదానంలో ఉన్నవి ఇవి. నల్లరాయితో కట్టిన నీడ గడియారం ఒకటి. దానికంటే ఎత్తుగా, దానికంటే నున్నగా ఉన్న శిలాఫలకం ఒకటి. కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో ఒకదాని మీద మాత్రం తెల్ల తువ్వాలు. గంజి బకెట్లు రెండు. మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా చాచబోతున్న నూలు పడుగు. మేక ఒకటి, దాన్ని ఎవరూ పిలవలేదు.

ఉన్న మనుషులు: హైదరాబాద్ నుంచి తనిఖీకి వచ్చిన పెద్ద సారు. మా గద్వాల ఆఫీసు సారు. పడుగు పట్టడానికి వచ్చిన నేత కుటుంబాల వాళ్లు, వాళ్లందరికీ ముందు గంజి కుంచె పట్టుకుని నిలబడ్డ మా ఇంటి ఓనరు పెద్దమ్మ. చేతిలో మూరెడు దారం పట్టుకుని నేను.

నేను ఎందుకున్నానంటే, ఆ గడియారాన్ని కట్టించింది నేనే. దారం ఎందుకుందో చెప్పాలంటే మొదటినుంచి చెప్పాలి.

మాది కోడేరు. ఇంట్లో అందరిదీ సేద్యమే. నేను వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, సివిల్ డిప్లొమా పట్టుకుని, గద్వాలలో ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు పద్ధతిలో సైట్ ఇంజనీరుగా చేరాను. నా పనులు: సీసీ రోడ్ల మందం కొలవడం, మురికి కాలువల వాలు చూడటం, వాలు లేని చోట నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో నీళ్లు నిలిచిన ఇంటివాళ్లకు వివరించడం. అలాంటి ఆఫీసులోకి ఖగోళశాస్త్రం ఎలా వచ్చిందంటే, మా సారు సెలవుల్లో కుటుంబంతో జైపూర్ వెళ్లి వచ్చాడు.

వచ్చిన మర్నాడే నన్ను పిలిచి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. మెట్లున్న పెద్ద త్రిభుజపు గోడ, ముందు సారు, సారు నెత్తి మీద టోపీ.

"చూసినవా? ఎండతోని టైం చూపిస్తది. కరెంటొద్దు, సెల్లొద్దు. గిట్లాంటిది మన గద్వాలల ఒకటుండాలె. కోట ఉన్నది, చీరలున్నయి, గిదొక్కటే తక్కువున్నది మనకు."

తక్కువున్నవి ఇంకొన్ని నాకు తెలుసు, వాటిలో కొన్ని మా ఆఫీసు జాబితాలోనే ఉన్నాయి. కానీ ఆ మాట అనలేదు. ఎందుకంటే నాకు నిజంగా సంతోషమైంది. పాలిటెక్నిక్‌లో సర్వే పాఠంలో సూర్యుణ్ని చూసి ఉత్తర దిక్కు పట్టడం నేర్చుకున్నప్పటి నుంచి ఎవరైనా ఆ పని నన్ను అడుగుతారా అని చూస్తున్నాను. మురికి కాలువలకు ఉత్తరంతో పని లేదు.

సారు జైపూర్‌లో ఫొటోలు దిగాడు గాని కొలతలు తేలేదు. నేను సొంత సెలవు పెట్టుకుని రైల్లో వెళ్లాను. మూడు వందల ఏళ్ల కిందట అక్కడి రాజుకు ఇత్తడి యంత్రాలతో విసుగొచ్చిందట. చిన్న యంత్రంలో గీతలు ఇరుకు, కీలు అరిగితే లెక్క తప్పు. అందుకని రాయి, సున్నంతో ఇళ్లంత యంత్రాలు కట్టించాడు. మనిషి యంత్రాన్ని చేతిలో పట్టుకోవడం పోయి యంత్రంలోకి నడిచి వెళ్లడం మొదలైంది. నేల మీద తవ్విన పాలరాతి గిన్నెలున్నాయి. వాటి మీద అడ్డంగా కట్టిన తీగెల నీడ ఎక్కడ పడితే ఆకాశంలో సూర్యుడు అక్కడున్నట్టు. రెండు గుండ్రటి, కప్పులేని కట్టడాలున్నాయి, మధ్యలో ఒక్కో స్తంభంతో. ఒకదానిలో రాయి ఉన్న చోట రెండోదానిలో ఖాళీ ఉంటుంది, చూసేవాడు నిలబడటానికి. రెండూ కలిస్తేనే ఒక పూర్తి యంత్రం. వాటిని రామ యంత్రం అంటారు. అక్కడే నా మనసు పడిపోయింది. వంచి నిలబెట్టిన ఒక రాతి పళ్లెం కూడా ఉంది. దానికి ఉత్తరం వైపు ఒక ముఖం, దక్షిణం వైపు ఒక ముఖం. ఒక్కో ముఖం ఆరు నెలలు పనిచేసి ఆరు నెలలు ఊరుకుంటుంది. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవాణ్ని కాబట్టి దాని దగ్గర నేను ఎక్కువసేపు ఆశ్చర్యపోలేదు.

ఇక త్రిభుజపు గోడ, సమ్రాట్ యంత్రం. గోడ ఏటవాలు అంచు ధ్రువం వైపు చూస్తుంది. దానికి రెండు పక్కలా రెక్కల్లాగా రాతి వంపులు, వాటి మీద గంటల గీతలు. గోడ నీడ వంపు మీద కదులుతుంటే కంటికి కనిపిస్తుంది. అంత పెద్దది. ఒక్కటే చిక్కు. సూర్యుడు చుక్క కాదు, బిళ్ల. అందుకని నీడకు కత్తి అంచు ఉండదు, చేతి వెడల్పు మసక ఉంటుంది. ఆ మసకలో సన్నని దారం పట్టుకుని, దారం నీడ ఎక్కడ మాయమవుతుందో చూస్తే అసలు అంచు దొరుకుతుందని నేను చదివాను. జైపూర్‌లో దారం ఎవరి దగ్గరా లేదు.

గైడ్ నీడ చూసి టైం చెప్పాడు. దానికి ఇన్ని నిమిషాలు కలపండి అన్నాడు. గుంపంతా కలిపి, ఫోన్లు చూసుకుని, చప్పట్లు కొట్టింది. ఎందుకు కలపాలని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, గుంపును తీసుకుని పక్క యంత్రానికి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చి బొమ్మ గీసి సారు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు.

"ఏందయ్యా గిది? అక్కడ గోడ ఆకాశంలకు లేచినట్టుంటది. మనది బైకెక్కించే ర్యాంపు లెక్కున్నది."

"గోడ వాలు ఊరి అక్షాంశమంత ఉండాలె సార్. జైపూర్‌ది ఇరవై ఏడు డిగ్రీలు. మనది పదహారు."

"జర పెంచు మరి."

"పెంచాలంటే ముందు గద్వాలను ఉత్తరం దిక్కు జరపాలె సార్."

సారు కొంచెంసేపు ఆలోచించి, అంత బడ్జెట్ లేదన్నాడు. అయితే గోడ రోడ్డుకు సమంగా ఉండాలన్నాడు. రోడ్డుకు కాదు, ధ్రువానికి సమంగా ఉండాలన్నాను.

"ధ్రువం నుంచి ఎవడొచ్చి చూస్తడయ్యా? రోడ్డు మీదికెళ్లి చూస్తరు."

ఇక్కడ మాత్రం నేను తగ్గలేదు. నేల చదును చేయించి, కర్ర పాతి, చుట్టూ వలయం గీసి, పొద్దున నీడ కొస వలయాన్ని తాకిన చోటూ సాయంత్రం తాకిన చోటూ గుర్తు పెట్టి, ఉత్తరం పట్టుకున్నాను. గోడ రోడ్డుకు ఓరగా లేచింది. దారిన పోయేవాళ్లు ఇప్పటికీ దాన్ని చూసి, కట్టినవాడికి చూపు సరిగా లేదనుకుంటారు.

రాయి నాగర్‌కర్నూల్ వైపు క్వారీ నుంచి వచ్చింది. గీతలూ అంకెలూ చెక్కడానికి ఆత్మకూరు నుంచి మేస్త్రి వచ్చాడు. ఆయన పని మామూలుగా శిలాఫలకాలు, సమాధి రాళ్లు. అలవాటు కొద్దీ శిలాఫలకం ముందు చెక్కేశాడు. గడియారం ఇంకా పునాదిలో ఉండగానే అది దిగ్విజయంగా ప్రారంభమైనట్టు రాయి మీద రాసి ఉంది. రోడ్డు మీదికి బాగా కనబడాలని ఆ ఫలకాన్ని గడియారానికి తూర్పు పక్కన నిలబెట్టారు. తూర్పున సూర్యుడు ఉదయిస్తాడన్న సంగతి నేను రాతపూర్వకంగా కూడా తెలియజేశాను. పొద్దున ఎనిమిది దాకా గడియారం మీద పడేది పెద్దల పేర్లున్న రాయి నీడే.

ఇప్పుడు స్థలం గురించి. మా ఆఫీసు పటంలో అది ఖాళీ స్థలం. ఆ పటం గీసినవాళ్లు మధ్యాహ్నం వచ్చి ఉంటారు. పొద్దున వచ్చి ఉంటే అది ఖాళీ కాదని తెలిసేది.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలను పడుగు అంటారు. నూలు పడుగుకు గంజి పెట్టకపోతే నేసేటప్పుడు తెగుతుంది. గంజి పెట్టాలంటే దాన్ని పూర్తి పొడవునా ఆరుబయట చాచాలి. రెండు కొసలా గట్టిగా కట్టి, మధ్య మధ్య కర్రలు ఆనించి, పది మందీ రెండు పక్కలా నిలబడి, కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఎండ ముదరకముందే ముగించాలి, ముదిరితే దారం పెళుసెక్కుతుంది. ఎండాకాలంలో పొద్దు పొడవగానే అయిపోతుంది. చలికాలంలో తొమ్మిది దాటినా నడుస్తుంది. పడుగు చాచి ఉన్నంతసేపు దాన్ని ఎవరూ దాటరు, కిందినుంచి వంగి కూడా పోరు. బండి మీద వచ్చినవాడు బండి ఆపుకుంటాడు, తొందరున్నవాడు చుట్టూ తిరిగి పోతాడు. ఎందుకని అడిగితే, దాటరు కాబట్టి దాటరు అంటారు.

ఆ మైదానంలో పడుగు చాచేవాళ్లలో మా పెద్దమ్మ ఇల్లొకటి. నాకు చుట్టం కాదు. ఆమె ఇంట్లో ముందు గదిలో అద్దెకుంటాను. ఇంటి వెనక భాగంలో గుంత మగ్గం. ఆమె భర్త నేస్తాడు, మాట్లాడడు. ఆమె నూలు చుడుతుంది, ఇద్దరి తరఫునా మాట్లాడుతుంది.

పునాది తీస్తున్నప్పుడు వచ్చి అడిగింది.

"ఏం కడ్తున్నరు ఇంజనీరు సారూ?"

"గడియారం పెద్దమ్మా. ఎండతోని టైం చూపిస్తది."

"మబ్బు పడితే?"

"చూపియ్యదు."

"రాత్రి?"

"చూపియ్యదు."

"ఎండున్నప్పుడు పొద్దెంతయిందో నాకే తెలుస్తది గద బిడ్డా. తెల్వంది మబ్బు పట్టినప్పుడే." కాసేపు రాళ్లను చూసింది. "గోడ గట్టిగుంటదా?"

"ఎద్దుల బండి గుద్దినా కదలదు."

గోడ పూర్తయిన వారానికి దాని ఎత్తు కొసకు తాడు కట్టి ఉంది, తాడుకు పడుగు కట్టి ఉంది. ధ్రువం వైపు చూపడానికి నేను పడ్డ శ్రమంతా, అంతకుముందు పడుగు కొస కట్టే పాత వేప గుంజ చేసే పనికి బాగా సరిపోయింది. అభ్యంతరం చెప్పడానికి సాంకేతిక కారణం ఏదీ కనబడలేదు. నీడకు తాడు అడ్డం రాదు.

నవంబర్ మొదట్లో ప్రారంభోత్సవం జరిగింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా చల్లటి తెల్లటి ఎండ. వచ్చినవాళ్లందరూ ఫోన్లు తీసి నీడతో పోల్చి చూశారు. తేడా వేలి వెడల్పు కూడా లేదు, రెండు నిమిషాలు. "అరె, కరెక్టు!" అని ఒకరి తర్వాత ఒకరు అన్నారు. సారు ప్రతి ఒక్కరికీ తానే సూర్యుణ్ని తెప్పించినట్టు నవ్వుతూ చెయ్యిచ్చాడు.

నాకు తెలుసు, అది నవంబర్ చేసిన ఉపకారం. గడియారం ఫిబ్రవరి నాటికి బాగా వెనకబడుతుంది. అందుకని, ఏ నెలలో ఎన్ని నిమిషాలు కలపాలో చెప్పే చిన్న బోర్డు పెడదామని సారును అడిగాను.

"మనది తప్పు చూపిస్తదని మనమే బోర్డు పెట్టుకుంటమా? నీకేమన్న ఉన్నదా?"

"తప్పు కాదు సార్..."

"ఇగ చాలు, పో."

ఆ తర్వాత సారు రెండో దశకు ప్రతిపాదన పంపాడు. మైదానమంతా పచ్చిక, చుట్టూ ఇనుప కంచె, ఒక గేటు, టికెట్ కౌంటర్, మరికొన్ని యంత్రాలు. రామ యంత్రం బొమ్మ నాతో గీయించాడు. రెండు గుండ్రటి కట్టడాలు, ఒకదాని ఖాళీలో మరొకదాని రాయి. నా జీవితంలో అంత ఇష్టంగా ఏదీ గీయలేదు. కంచె గీత మాత్రం సారు ఎర్ర పెన్సిల్‌తో తానే గీశాడు. అది పడుగు చాచే చోటు చుట్టూ తిరిగి వచ్చి కలిసింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి పెద్ద సారు వచ్చి గడియారం చూస్తాడు, నచ్చితే కంచె పని మొదలవుతుంది అని తెలిసింది.

ఈ వార్త నేను ఇంటికి చేరేలోపే మా ఇంటికి చేరింది. పెద్దమ్మ గుమ్మంలో రాట్నం ముందేసుకుని కూర్చుంది.

"కంచె ఏస్తున్నరంట గద?"

"ఇంకా ఖాయం కాలే పెద్దమ్మా. పెద్ద సారు ఒప్పుకోవాలె."

"ఒప్పుకుంటే మేమెక్కడ చాపాలె? రోడ్డు మీద చాపుదమంటే ఆటోలు. మిద్దె మీద చాపుదమంటే మిద్దె చీరంత గూడ లేదు. బైపాసు అవతలికి పొమ్మంటడంట మీ సారు. తెల్లారకముందు గంజి బకెట్లు మోసుకుంట గంత దూరం పది మంది నా ఎంబడి వస్తరా? గా జాగ పోతే మగ్గం గుంత పూడ్చుకునుడే."

ఆమె గొంతు పెంచలేదు, రాట్నం ఆపలేదు. నేను గదిలోకి వెళ్లి రామ యంత్రం బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టాను.

తనిఖీకి రెండు రోజుల ముందు, సాయంత్రం నేను జొన్నరొట్టె తింటుంటే పెద్దమ్మ రాట్నం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"బిడ్డా, ఒక మాట అడుగుత. పెద్ద సారు వచ్చిననాడు నీ గడియారం తప్పు చూపిస్తే ఏమన్న అయితదా?"

"అది తప్పు చూపియ్యదు పెద్దమ్మా. ముప్పై మూడు నిమిషాలు ఎనక చూపిస్తది."

రాట్నం ఆగింది. "ఏందీ?"

"ఈ నెల అంతే. అది కరెక్టే."

"ముప్పై మూడు నిమిషాలు ఎనకుంటే కరెక్టెట్లయితది?"

అలా అడగకూడదు నన్ను. రొట్టె పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. దేశంలో గడియారాలన్నీ మనకు తూర్పున ఉన్న ఒక గీతను బట్టి నడుస్తాయి. ఆ గీత మీదికి వచ్చిన సూర్యుడు గద్వాల మీదికి రావడానికి పంతొమ్మిది నిమిషాలు పడుతుంది. అది ఏడాది పొడవునా ఉండే తేడా. దాని మీద ఇంకొకటుంది. భూమి సూర్యుడి చుట్టూ సరైన గుండ్రంగా తిరగదు, పైగా ఒక పక్కకు వంగి తిరుగుతుంది. అందుకని సూర్యుడు కొన్నాళ్లు ముందు వస్తాడు, కొన్నాళ్లు ఆలస్యంగా వస్తాడు. నవంబర్‌లో పదహారు నిమిషాలకు పైనే ముందు, ఫిబ్రవరిలో పద్నాలుగు నిమిషాలు ఆలస్యం. పప్పు గిన్నెను సూర్యుణ్ని చేశాను. ఉల్లిగడ్డను భూమిని చేసి వంచి తిప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విన్నది. మధ్యలో భర్త లోపలినుంచి వచ్చి, ఉల్లిగడ్డను చూసి, మళ్లీ లోపలికి వెళ్లాడు.

"అయితే సూర్యుడు ఆలస్యమొచ్చుడు, గడియారం తప్పు కాదు."

"అదే!"

"మీ ఆఫీసుల ఎవరికన్న సమజయిందా గిది?"

"సారుకు చెప్పబోతే వినలే."

ఆమె ఉల్లిగడ్డను తీసి తన బుట్టలో వేసుకుంది. ముఖంలో ఏదో తేలికపడ్డట్టు కనబడింది. నా వివరణ అంత బాగుందనుకున్నాను.

"బిడ్డా, నువ్వు అబద్ధమాడొద్దు. నాకు చెప్పినవు సూడు, గిదే, గిట్లనే పెద్ద సారుకు చెప్పు. ఒక్క ముక్క ఇడ్వకుండ చెప్పు. మధ్యల ఆపకు."

చెప్పేవాడికి అలాంటి శ్రోత దొరకడం అరుదు. నీడ అంచు పట్టడానికి దారం కావాలని అడిగాను. అప్పుడే చుడుతున్న నూలులోంచి మూరెడు తెంపి ఇచ్చింది.

తనిఖీ రోజు ఉదయం మా సారు నన్ను పక్కకు పిలిచి తన ఏర్పాట్లు చెప్పాడు. పెద్ద సారుకు పూలదండ, శాలువా, టిఫిన్. "వాచీ దిక్కు చూడకుండ మాటల్ల పెట్టాలె. నువ్వు అడిగితెనే నోరిప్పు, సమజయిందా?"

గడియారం మైదానం మూలలో ఉంది. రెండు పక్కల ప్రహరీ గోడ, మూడో పక్క శిలాఫలకం, దాని వెనక మా ఆఫీసే తవ్వించిన కాలువ. నాలుగో పక్క మాత్రమే దారి. పెద్ద సారు కారు రోడ్డు మీద ఆపి ఆ దారిన నడిచి వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీలో కూర్చోకుండా నేరుగా గడియారం దగ్గరికే వచ్చి, వంపు మీద నీడ చూశాడు. తర్వాత, మా సారు శాలువా విప్పుతుండగానే, వాచీ చూశాడు.

"ఇది ఎనిమిదిన్నర అంటోంది. ఇప్పుడు తొమ్మిది దాటింది కదా?"

"పాతకాలం పద్ధతి సార్..." అని మా సారు మొదలుపెట్టాడు.

నేను దారం పట్టుకుని మసకలో అంచు చూశాను. "ఎనిమిది ముప్పై రెండు సార్."

"నా వాచీలో తొమ్మిది ఐదు. అరగంట తప్పా?"

"ముప్పై మూడు నిమిషాలు సార్. తప్పు కాదు, వెనక."

నవంబర్‌లో వేలి వెడల్పు లేని తేడా రాయి మీద జానెడయింది. ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది.

"ఎందుకు?" అన్నాడు పెద్ద సారు.

అడిగాడు కాబట్టి నోరు విప్పాను. మొదటి కారణం ఐదు నిమిషాల్లో ముగించాను. ఆయన ఓపికగానే విన్నాడు. "సరే, అర్థమైంది" అని కారు వైపు తిరిగాడు.

దారి లేదు. మేం మాట్లాడుతున్నంతసేపట్లో పడుగు పూర్తిగా చాచారు. ఒక కొస నా గోడ ఎత్తు కొసకు, ఇంకో కొస అవతలి ప్రహరీ దగ్గరి గుంజకు. తెల్లటి దారాల వంతెన ఒకటి, తడి గంజితో మెరుస్తూ, నాలుగో పక్కను మూసేసింది. అటూ ఇటూ మనుషులు దువ్వుతున్నారు. మేక అవతలి పక్కే ఉండిపోయింది.

పెద్ద సారు దారాలను చూసి, "వంగి వెళ్లొచ్చా?" అన్నాడు.

మా సారు గద్వాలవాడే. ముఖం మాడ్చుకుని, "వద్దు సార్. ఈడ పడుగు దాటరు. కిందికెళ్లి గూడ పోరు" అన్నాడు.

"ఎంతసేపు?"

పెద్దమ్మ కుంచె ఆపకుండా చెప్పింది. "గంజి ఆరేదాంక సారూ. ఇయ్యాల గాలి గూడ లేదు." తర్వాత నా వైపు చూసి గట్టిగా, "చెప్పు బిడ్డా, సార్‌కు మంచిగ చెప్పు! ఇంకొకటుందంటివి గద, భూమి వంగుడు!"

ఉంది. చెప్పాను. ఇంట్లో ఉల్లిగడ్డ ఉంది, ఇక్కడ లేదు కాబట్టి పెద్ద సారుతో కొట్టించాలని మా సారు తెప్పించిన కొబ్బరికాయను వాడుకున్నాను. భూమి వంపు చెప్పాను, భూమి దారి గుండ్రం కాదని చెప్పాను, ఈ రెండూ ఒకదానికొకటి ఎప్పుడు తోడవుతాయో ఎప్పుడు అడ్డుపడతాయో నెలలవారీగా చెప్పాను. నవంబర్ దగ్గరికి వచ్చేసరికి పెద్ద సారు తువ్వాలున్న కుర్చీలో కూర్చున్నాడు. మా సారు శాలువాను మళ్లీ మడతపెట్టాడు. పడుగు పట్టినవాళ్లలో ఒకాయన, "పెండ్లి మంత్రాలు గూడ గింత సేపు కావు" అని గొణిగితే పెద్దమ్మ, "ఊకో, చదువుకున్నోళ్లు మాట్లాడుతున్నరు" అంది.

అంతా విన్నాక పెద్ద సారు ఒక్క ప్రశ్న వేశాడు. "ఈ తిప్పలేమీ లేకుండా, ఇక్కడ ఒక మామూలు గడియారం పెడితే?"

"పెట్టొచ్చు సార్. కాని అది గద్వాల టైం చూపించదు."

"గద్వాల టైం ఎవరికి కావాలయ్యా?"

నేను కొబ్బరికాయను కింద పెట్టేశాను. ఉన్న వివరాలన్నీ అప్పటికే చెప్పేశాను.

గంజి ఆరింది. పడుగును చుట్టడం మొదలుపెట్టారు. దారి తెరుచుకుంది. పెద్ద సారు లేచి, మా సారుతో మెల్లగా, మర్యాదగానే చెప్పాడు. "టైం తెలుసుకోవడానికి పాఠం వినాల్సిన చోటికి జనం టికెట్ కొనుక్కుని రారు. రెండో దశ వద్దు. ఈ జాగా ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి."

కారు వెళ్లిపోయాక మా సారు నా మీద పడ్డాడు.

"నిన్నెవడు అడిగిండు భూమి వంపు? 'పాత పద్ధతి సార్, జర అటిటు అయితది' అంటే అయిపోవు గద! మొత్తం ముంచినవ్ కదయ్యా. ఇగ రేపటి నుంచి కాలువలు చూసుకో."

కాలువలకు నేను ఎప్పుడూ దూరం కాలేదు. రామ యంత్రం బొమ్మ మాత్రం ఆఫీసు బీరువా మీద చుట్టి ఉంది, ఒక పక్క ఎలుక కొరికింది. ఒకదాని ఖాళీలో మరొకదాని రాయి అనే సూత్రం ప్రకారం ఆ కొరికిన ముక్క ఇంకెక్కడో ఉండాలి.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్తే అడగకుండానే కోడికూర వచ్చింది. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని వడ్డించింది.

"ఎంత మంచిగ చెప్పినవ్ బిడ్డా. నాకొక్క ముక్క సమజ్ కాలే. ఆయనకు గూడ కాలే."

"మొన్న నీకు అర్థమయిందంటివి గద?"

"గంత సేపు చెప్తవన్నది అర్థమయింది."

అప్పుడు నాకు కొంచెం రోషం వచ్చింది. నేను చెప్పిన ప్రతి మాటా నిజమని, ఏడాదిలో ఏ రోజైనా వచ్చి లెక్క చూసుకోవచ్చని అన్నాను. వచ్చే నవంబర్‌లో గడియారం మళ్లీ దాదాపు సరిగ్గా చూపిస్తుందని కూడా అన్నాను.

గరిటె గాలిలో ఆగిపోయింది.

"మల్ల సరిగ చూపిస్తదా?"

"రెండు నిమిషాల తేడా. నిరుటి లెక్కనే."

"గప్పుడు ఎవడన్న పెద్ద సారు వస్తే?"

ఆ సంగతి నేను ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది. ఆ రోజు నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. నేను పొద్దున ఆఫీసుకు పోతూ మైదానం దగ్గర ఆగి, జేబులోంచి ఆ మూరెడు దారం తీసి, నీడ అంచు చూస్తాను. పెద్దమ్మ పడుగు కాడినుంచే కేకేస్తుంది. "ఇయ్యాల ఎంతెనకున్నది?" నేను చెప్తాను. ఎక్కువుంటే తలాడిస్తుంది. తగ్గితే, తప్పు నాదైనట్టు చూస్తుంది. ఫిబ్రవరి చివర నుంచి రోజూ కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంది. ఆమె పక్కవాళ్లకు కూడా చెప్పిపెట్టింది. నవంబర్‌లో కొత్త కారు ఏదైనా రోడ్డు మీద ఆగితే, గాలి ఉన్నా లేకపోయినా, పడుగు మెల్లగా ఆరుతుంది. నా వివరణ కూడా సిద్ధంగా ఉండాలి.

నిన్న ఏప్రిల్ సగానికి వచ్చింది. ఏడాదిలో ఈ రోజుల్లో భూమి వంపు లెక్కా, దారి లెక్కా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తూర్పు గీతకూ గద్వాలకూ మధ్య ఉన్న తేడా ఒక్కటే మిగులుతుంది. శిలాఫలకం నీడ తప్పుకునే దాకా ఆగాను. ఎండలకు పడుగు అప్పటికే ముగిసింది. పెద్దమ్మ గోడ కొసకు కట్టిన తాడు విప్పుతూ అడిగింది, ఇయ్యాల ఎంత అని.

పంతొమ్మిది నిమిషాలు.